ఆమ్లం పెరిగితే చేప పెప్టైడ్‌కు బలమా, బలహీనతా?

ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు ఆక్వా మందుల షాపుల్లో ఇప్పుడు రెండు రకాల డబ్బాలు పక్కపక్కనే కనిపిస్తున్నాయి. ఒకదాని మీద 'పెప్టైడ్' అని, రెండోదాని మీద 'యాసిడిఫయర్', అంటే మేతకు ఆమ్లం చేర్చేది, అని ఉంటుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషిద్ధ యాంటీబయాటిక్స్ ఆనవాళ్లు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వచ్చేస్తుంది. వాటి బదులు పనికొచ్చేది ఏదైనా ఉంటే చాలని చూస్తున్న రైతుకు ఈ రెండూ ఆశ పుట్టించేవే. "రెండూ కలిపి మేతకు పట్టిస్తే ఇంకా బాగా పనిచేస్తాయంట గదా, ఆమ్లంలో పెప్టైడ్‌కు బలమొస్తుందంట గదా" అనే మాట ఇటు కావలి నుంచి అటు ఒంగోలు పక్కన కొత్తపట్నం దాకా నడుస్తోంది.

ఆ మాట అబద్ధం కాదు, కానీ సగమే. ఏ పెప్టైడ్, ఏ సూక్ష్మజీవి మీద, చేప ఒంట్లో ఏ చోట అన్నవి చేరితే తప్ప మిగతా సగం పూర్తి కాదు. ఒకే ఆమ్లం ఒక చేప పెప్టైడ్‌కు ఊపునిస్తుంది, ఇంకోదాన్ని నీరసపరుస్తుంది, మూడోదాన్ని అసలు తాకదు. ఎందుకలా జరుగుతుందో తెలియాలంటే చేప జిగురు దగ్గర మొదలుపెట్టాలి.

జిగురులో ఏముంది

కొరమీనును పట్టుకున్నవాళ్లకు తెలుసు, అది వేళ్ల సందుల్లోంచి ఎలా జారిపోతుందో. కోసే ముందు బూడిదో రాళ్ల ఉప్పో వేసి బండకేసి రుద్దితే నురగలా ఊడివచ్చే ఆ జిగురు ఊరికే పుట్టినది కాదు. నీళ్లలో బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది. చేప చర్మం, మొప్పలు, పేగు గోడ పగలూ రాత్రీ దానికి తగులుతూనే ఉంటాయి. కొత్త రోగం మీద యాంటీబాడీలు తయారు కావడానికి రోజులు, వారాలు పడుతుంది. అందాకా కాపు కాసే వాటిలో సూక్ష్మజీవుల్ని చంపే పెప్టైడ్లు ముఖ్యమైనవి. జిగురులోనూ, మొప్పల్లోనూ, రక్షణ కణాల్లోనూ ఇవి దొరుకుతాయి.

పెప్టైడ్ అంటే చిన్న ప్రొటీన్ ముక్క. అమైనో ఆమ్లాలు దారానికి గుచ్చిన పూసల్లా వరసగా ఉంటాయి. మామూలు ప్రొటీన్లో ఈ పూసలు వందల్లో ఉంటే, ఇక్కడ మాట్లాడుకునే పెప్టైడ్లలో చాలావాటికి ఇరవై, ముప్పై. చారల బాస్ సంకర జాతి చేప రక్షణ కణాల్లో 2001లో బయటపడ్డ పిసిడిన్‌కు 22. ఉత్తర అట్లాంటిక్ చలి నీళ్లలో ఉండే వింటర్ ఫ్లౌండర్ జిగురులో 1997లో దొరికిన ప్లూరోసిడిన్‌కు 25. ఎర్ర సముద్రంలో ఒక రకం నాలుక చేప సొరచేపల్ని తరమడానికి వదిలే పార్డాక్సిన్‌కు 33. దెబ్బ తగిలిన క్యాట్‌ఫిష్ చర్మంలో తయారయ్యే పారాసిన్‌కు 19. తిలాపియాలో కూడా పిసిడిన్ కుటుంబపు పెప్టైడ్లు ఉన్నాయి.

ఇవి చంపే తీరులో మొదటి మెట్టు విద్యుత్తుకు సంబంధించింది. బ్యాక్టీరియా పైపొర మీద ఫాస్ఫేట్ గుంపుల వల్ల మైనస్ ఛార్జి ఎక్కువ. ఈ పెప్టైడ్లలో లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల వల్ల ప్లస్ ఛార్జి ఎక్కువ. రెండూ ఆకర్షించుకుంటాయి. అతుక్కున్నాక రెండో మెట్టు: పెప్టైడ్ మెలి తిరిగి, నూనెకు చేరువయ్యే వైపును పొరలోని కొవ్వులోకి దించుతుంది. పొర చిల్లులు పడి, లోపలి సరుకు కారిపోయి బ్యాక్టీరియా చస్తుంది. చేప సొంత కణాల బయటి పొరకు మొత్తం మీద ఛార్జి దాదాపు ఉండదు, పైగా కొలెస్ట్రాల్ ఉంటుంది. అందుకే వాటి జోలికి పెప్టైడ్ తక్కువగా పోతుంది. అయితే ఈ తేడా పూర్తి రక్షణ కాదు. పార్డాక్సిన్ లాంటివి ఎర్ర రక్తకణాల్ని కూడా పగలగొట్టగలవు.

రెండు మెట్లనీ గుర్తుంచుకోవాలి. ఆమ్లం మొదటి మెట్టుకు సాయం చేసి, రెండో మెట్టుకు అడ్డం పడొచ్చు. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

ఒక అంకె తగ్గితే పదింతలు

చెరువు గట్టున కిట్ పట్టుకునేవాళ్లకు పీహెచ్ కొత్త కాదు. తెల్లారుజామున గాజు గొట్టంలో నీళ్లు పోసి చుక్కలు వేస్తే ఒక రంగు, అదే నీటికి మధ్యాహ్నం మూడింటప్పుడు ఇంకో రంగు. ఎండలో నాచు బొగ్గుపులుసు వాయువును లాగేసుకుంటుంది కాబట్టి పీహెచ్ లేస్తుంది, రాత్రంతా శ్వాస వల్ల ఆ వాయువు తిరిగి చేరి దిగుతుంది. పొద్దున 7.5 ఉన్న చెరువు సాయంత్రానికి 8.5 దాటడం మామూలే.

ఈ కొలతలో 7 తటస్థం, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం. ఒక అంకె తేడా అంటే హైడ్రోజన్ అయాన్లలో పదింతల తేడా. 8 నుంచి 5కు దిగితే వెయ్యింతలు. పెప్టైడ్‌లోని కొన్ని పూసలు ఆ అయాన్లను పట్టుకుని ప్లస్ ఛార్జి తెచ్చుకుంటాయి. లైసిన్, ఆర్జినిన్ మనకు కావలసిన పీహెచ్ పరిధి అంతటా ప్లస్‌లోనే ఉంటాయి, వాటిలో మార్పు రాదు. మారేది హిస్టిడిన్ అనే పూస. దాని మలుపు సుమారు 6 దగ్గర ఉంటుంది. అక్కడ సగం హిస్టిడిన్లకు ఛార్జి ఉంటుంది, సగానికి ఉండదు.

పిసిడిన్ మీద లెక్క వేసి చూస్తే

పిసిడిన్-1 వరసలో ఆర్జినిన్లు రెండు, లైసిన్ ఒకటి, హిస్టిడిన్లు నాలుగు. పెప్టైడ్ రెండు కొనల మీది ఛార్జిని లెక్కలోంచి తీసేద్దాం. స్థిరమైన ప్లస్ ఛార్జి 3. మలుపు 6 అనుకుంటే పీహెచ్ 8 దగ్గర హిస్టిడిన్లలో నూటికి ఒకటే ఛార్జితో ఉంటుంది, మొత్తం 3.04. పీహెచ్ 7 దగ్గర నూటికి తొమ్మిది, మొత్తం 3.4. పీహెచ్ 6 దగ్గర సగం, మొత్తం 5. పీహెచ్ 5 దగ్గర నూటికి 91, మొత్తం 6.6. అంటే 8 నుంచి 5కు వచ్చేసరికి ఛార్జి రెట్టింపు దాటింది.

ఇక్కడ చూడవలసింది, మార్పంతా ఎక్కడ జరిగిందన్నది. 8 నుంచి 7కు దిగితే పెరిగింది ఒక ఛార్జిలో దాదాపు మూడోవంతు. 7 నుంచి 5కు దిగితే మూడుకు పైన. చెరువులో పొద్దుటికీ సాయంత్రానికీ వచ్చే ఊపు ఈ పెప్టైడ్ ఛార్జిని దాదాపు కదపదు. సముద్రం ఆమ్లీకరణ గురించి వార్తల్లో వచ్చే 8.2 నుంచి 8.1 మార్పు కూడా, ఈ ఒక్క లెక్క వరకే చూస్తే, ఏ మూలకూ రాదు. నిజంగా ఆమ్లంగా ఉండే చోటే ఈ హిస్టిడిన్ మీట పనిచేస్తుంది.

ఇప్పుడు ఇదే లెక్క మిగతావాటికి వేద్దాం. ప్లూరోసిడిన్‌లో లైసిన్లు నాలుగు, హిస్టిడిన్లు మూడు. అదీ ఆమ్లానికి స్పందించేదే. పారాసిన్‌లో లైసిన్లు ఐదు, ఆర్జినిన్లు మూడు, హిస్టిడిన్ ఒక్కటీ లేదు. ఆమ్లం ఎంత పోసినా ఆ ఎనిమిది ఎనిమిదిగానే ఉంటాయి. పార్డాక్సిన్‌లోనూ హిస్టిడిన్ లేదు. 'చేప పెప్టైడ్' అని ఒకే పేరు కింద అమ్మితే ఈ తేడాలన్నీ ఆ పేరు కింద మాయమైపోతాయి.

బ్యాక్టీరియా కూడా మారిపోతుంది

పెప్టైడ్ ఒక్కదాని లెక్క చూసి ఊరుకుంటే పొరపాటు పడతాం. ఆమ్లం అవతలి వైపును కూడా తాకుతుంది. బ్యాక్టీరియా పైపొర మీది ఫాస్ఫేట్లు, కార్బాక్సిల్ గుంపులు ఆమ్లంలో హైడ్రోజన్‌ను పట్టుకుని మైనస్ ఛార్జిని కొంత పోగొట్టుకుంటాయి. లాగేవాడికి బలం పెరిగినా, లాగబడేదానికి పట్టు దొరక్కపోతే ఏం లాభం?

దీనికి మంచి సాక్ష్యం ప్రొటమైన్. సాల్మన్, హెరింగ్ చేపల మగ బీజంలో డీఎన్ఏను చుట్టిపెట్టే చిన్న ప్రొటీన్ ఇది. 1874లో మీషర్ అనే స్విస్ శాస్త్రవేత్త రైన్ నది సాల్మన్ బీజంలో దీన్ని గుర్తించాడు. జపాన్‌లో ఆహారం చెడిపోకుండా వాడతారు. దీనిలో దాదాపు మూడింట రెండు వంతులు ఆర్జినిన్లే. ఆర్జినిన్ ఛార్జి ఆమ్లంలోనూ క్షారంలోనూ ఒకటే కాబట్టి పీహెచ్‌తో ప్రొటమైన్ మారదు. అయినా బ్యాక్టీరియాను చంపే శక్తి క్షార పీహెచ్ వైపే ఎక్కువగా కనిపిస్తుంది. మారింది బ్యాక్టీరియా పైపొర. క్షారంలో దాని మైనస్ ఛార్జి పెరిగింది, ప్రొటమైన్ గట్టిగా అతుక్కుంది.

హెప్సిడిన్ దీనికి వ్యతిరేక దిక్కున ఉంటుంది. ఇది చేపల్లోనూ మనుషుల్లోనూ ఉన్న పెప్టైడ్, సిస్టీన్ అనే పూసలు ఎనిమిది నాలుగు జంటలుగా ముడిపడి ఉంటాయి. మనిషి హెప్సిడిన్ మీద చేసిన పరీక్షల్లో తటస్థ పీహెచ్ కంటే ఆమ్లంలో అది బాగా పనిచేసింది. సముద్రంలో రాళ్లకు అంటుకుని బతికే స్టయేలా అనే జీవిలోని క్లావనిన్ అనే హిస్టిడిన్ పెప్టైడ్ కూడా పీహెచ్ 5.5 దగ్గర చురుకు.

ఛార్జి పెరగడం ఎప్పుడూ మేలేనా

ఇక్కడ పరిశోధకుల మధ్య నిజమైన వాదన ఉంది. హిస్టిడిన్ ఒక మీట అనేది ఒక పక్షం. ఆమ్లం తగిలితే ఛార్జి పెరిగి, బ్యాక్టీరియాకు గట్టిగా అతుక్కుంటుంది, తటస్థంగా ఉన్నచోట నెమ్మదిగా ఉండి సొంత కణాలకు హాని చేయదు. చూడ్డానికి చక్కటి ఏర్పాటు. హిస్టిడిన్లు పెట్టి కృత్రిమంగా తయారుచేసిన ఎల్ఏహెచ్4 అనే పెప్టైడ్ ఈ వాదానికి బలం ఇస్తుంది. తటస్థ పీహెచ్‌లో అది పొరలోకి నిలువుగా దిగి నిలబడుతుంది. ఆమ్లంలో పొర మీద అడ్డంగా పడుకుంటుంది. విచిత్రంగా, అడ్డంగా పడుకున్నప్పుడే బ్యాక్టీరియా మీద దాని ప్రభావం ఎక్కువ.

రెండో పక్షం రెండో మెట్టును చూపిస్తుంది. ఛార్జి ఉన్న పూస నూనెలోకి దిగడానికి ఇష్టపడదు. పక్కపక్కనే ఉన్న పెప్టైడ్లు ఎక్కువ ప్లస్ అయితే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. పిసిడిన్ లాంటిది పొరలోకి లోతుగా దిగి చిల్లు చేయాలంటే ఆమ్లం అడ్డమే కావచ్చు. పైగా పొర దగ్గర హిస్టిడిన్ మలుపు సరిగ్గా 6 దగ్గరే ఉండాలని లేదు, చుట్టూ ఉన్న కొవ్వు దాన్ని అటూ ఇటూ జరుపుతుంది. నేను పైన వేసిన లెక్క నీళ్లలో తేలే పెప్టైడ్‌కే సరిగ్గా వర్తిస్తుంది.

మూడో మాట రాగి గురించి. పిసిడిన్ మొదటి కొనలో మూడో పూస హిస్టిడిన్. ఆ అమరిక రాగి అయాన్‌ను బిగించి పట్టుకుంటుంది, ఆ రాగితో బ్యాక్టీరియా కొవ్వునూ డీఎన్ఏనూ దెబ్బతీయగలదు. ఆమ్లంలో ఆ చోటును హైడ్రోజన్ ఆక్రమిస్తుంది కాబట్టి రాగి పట్టు సడలుతుంది. అలా అనుకుంటే హిస్టిడిన్ అక్కడ ఉన్నది ఆమ్లాన్ని పసిగట్టడానికి కాదు, లోహం కోసం.

నాకు మీట వాదం పూర్తిగా ఒప్పుదల కాలేదు. సముద్రపు నీటి పీహెచ్ సుమారు 8.1. మొప్పల దగ్గర పిసిడిన్ పనిచేయాల్సింది ఆ పరిసరాల్లోనే. ల్యాబ్‌లో తటస్థ ద్రావణంలోనూ అది బాగానే చంపుతుంది, ఉప్పు ఎక్కువగా ఉన్నా తట్టుకుంటుంది. ఆమ్లం లేనిదే పనిచేయని పెప్టైడ్ కాదది. ఆమ్లం దాని పని తీరును మారుస్తుంది అనడం వరకూ సాక్ష్యం ఉంది, ఆమ్లమే దానికి ప్రాణం అనడానికి లేదు.

చేప ఒంట్లో ఆమ్లం ఉండే చోట్లు

మొదటిది రక్షణ కణాల లోపలి సంచి. బ్యాక్టీరియాను మింగిన కణం దాన్ని ఫాగోజోమ్ అనే సంచిలో బంధిస్తుంది, ఆ సంచి పీహెచ్ క్రమంగా 5 దగ్గరికి పడిపోతుంది. బ్రీమ్ జాతి చేపల్లో ఆ సంచిలోకి పిసిడిన్లు చేరడం 2008లో గమనించారు. పైన వేసిన ఛార్జి లెక్క నిజంగా పనికొచ్చే చోటు ఇది.

రెండోది చర్మానికి దెబ్బ తగిలిన చోటు. పారాసిన్ ముందే తయారై ఉండదు. డీఎన్ఏను చుట్టే హిస్టోన్ హెచ్2ఏ అనే ప్రొటీన్ నుంచి కాథెప్సిన్ డి అనే ఎంజైమ్ దాన్ని కత్తిరించి తీస్తుంది. కాథెప్సిన్ డి ఆమ్లంలో చురుగ్గా పనిచేసే ఎంజైమ్. ఇందాక పారాసిన్‌లో హిస్టిడిన్ లేదు కాబట్టి ఆమ్లం దాన్ని తాకదన్నాను. తయారైన పెప్టైడ్‌కు అది నిజం, తయారీకి కాదు.

మూడోది పొట్ట, మేతలో పెప్టైడ్ కలిపే రైతుకు అన్నిటికంటే ముఖ్యమైనది. మన చెరువుల్లో ఎక్కువగా పెంచే శీలావతికీ బొచ్చెకూ అసలు ఆమ్లం ఊరే జఠరం లేదు. కార్ప్ జాతి చేపల్లో మేత నేరుగా పేగులోకే పోతుంది, అక్కడ పీహెచ్ తటస్థంగానో కాస్త క్షారంగానో ఉంటుంది. పండుగప్పకూ కొరమీనుకూ ఆమ్ల జఠరం ఉంది, అందులో ప్రొటీన్లను కోసే పెప్సిన్ అనే ఎంజైమ్ ఉంది.

పిసిడిన్-1ను మేతలో కలిపామని ఊహిద్దాం. శీలావతి పేగులో దానికి ట్రిప్సిన్ అనే ఎంజైమ్ ఎదురవుతుంది. ట్రిప్సిన్ కోసేది లైసిన్, ఆర్జినిన్ పూసల తర్వాతే. పిసిడిన్-1లో అవి 7, 14, 18 స్థానాల్లో ఉన్నాయి. మూడు చోట్లా తెగితే 22 పూసల దండ నాలుగు తునకలవుతుంది, పొడవైన తునక ఏడు పూసలే. బ్యాక్టీరియాను పట్టుకునే పూసలు ఏవో, ట్రిప్సిన్‌కు చోటు చూపేవీ అవే. ఆమ్లంలో ట్రిప్సిన్ మందగిస్తుంది కాబట్టి పండుగప్ప జఠరంలో ఆ ప్రమాదం తగ్గుతుంది, కానీ అక్కడ పెప్సిన్ కాచుకుని ఉంటుంది, జఠరం దాటగానే మళ్లీ ట్రిప్సిన్ వస్తుంది. అందుకే పెప్టైడ్‌కు కొవ్వు పూతలు, గుళికలు చుట్టే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

పులుసు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నెల్లూరు చేపల పులుసు మర్నాటికి రుచి తేలడమే కాదు, చెడకుండా కూడా ఉంటుంది. చేపలోని పెప్టైడ్లకు చింతపండు పులుపు బలం ఇస్తుందని ఎవరైనా అంటే నమ్మబుద్ధేస్తుంది. కానీ జిగురంతా కడిగేశాకే చేప కుండలోకి వెళ్తుంది, తర్వాత బాగా ఉడుకుతుంది. నిలవ ఉంచేది ఆ ఉడుకూ, చింతపండు ఆమ్లమూ.

డబ్బా మీది అంకె ఏ పీహెచ్ దగ్గరిది

పెప్టైడ్ బలాన్ని కనీస నిరోధక గాఢతతో చెబుతారు. బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి మిల్లీలీటరుకు ఎన్ని మైక్రోగ్రాములు చాలునో ఆ అంకె. తక్కువైతే మేలు. ప్రామాణిక పరీక్షలో వాడే ద్రావణం పీహెచ్ 7.2 నుంచి 7.4 మధ్య ఉంటుంది. అంటే డబ్బా మీద అంకె ఉన్నా, అది చెరువు నీటి 8.3 గురించీ ఫాగోజోమ్ 5 గురించీ ఏమీ చెప్పదు.

ఆమ్లంలో పరీక్షించడం కూడా తేలిక కాదు. లెక్క కోసం అంకెలు అనుకుందాం. ఒక పెప్టైడ్‌కు విబ్రియో అనే బ్యాక్టీరియా మీద పీహెచ్ 7.4 దగ్గర 16, పీహెచ్ 5.5 దగ్గర 4 వచ్చింది. నాలుగింతల బలం అనిపిస్తుంది. పెప్టైడ్ లేని గొట్టం చూస్తే 5.5 దగ్గర విబ్రియో తనంతట తానే పదోవంతుకు మించి పెరగలేదు. విబ్రియోలకు ఆమ్లం పడదు. ఆ నాలుగింతల్లో పెప్టైడ్ వాటా ఎంత, ఆమ్లం వాటా ఎంత? పెప్టైడ్ లేకుండా ఆమ్లం ఒక్కటే వేసిన గొట్టం పక్కన లేకపోతే ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఆమ్లం ఏ రకమన్నదీ చూడాలి. ఎసిటిక్ లాంటి సేంద్రియ ఆమ్లం విడిపోకుండా ఉన్న రూపంలో బ్యాక్టీరియా లోపలికి దూరి స్వయంగా దెబ్బతీస్తుంది. దాని మలుపు 4.76. పీహెచ్ 5 దగ్గర ఆ రూపం నూటికి 36 పాళ్లు ఉంటుంది. పీహెచ్ 8 దగ్గర పదివేలలో ఆరు పాళ్లే.

చెరువులో లీటరు ఆమ్లం పోస్తే

ఎకరం చెరువు, లోతు 1.2 మీటర్లు. నీళ్లు సుమారు 48.5 లక్షల లీటర్లు. క్షారత లీటరుకు 120 మిల్లీగ్రాములు అనుకుందాం, మన ప్రాంతంలో ల్యాబ్ చీటీ మీద చూసేలాంటి అంకే. ఆ నీటికి ఆమ్లాన్ని మింగే శక్తి లీటరుకు 2.4 మిల్లీ ఈక్వివలెంట్లు, మొత్తం కోటీ 16 లక్షలు. గాఢ ఎసిటిక్ యాసిడ్ లీటరులో ఉన్నది 17,400. చెరువు శక్తి ముందు అది 670వ వంతు. పీహెచ్ కిట్ రంగులో తేడా కూడా కనిపించదు. నీళ్లలో పోసి పెప్టైడ్‌కు ఆమ్ల వాతావరణం కల్పించడం లెక్కలోనే నిలవదు. మేతలో కలిపిన ఆమ్లం విషయం వేరు. అక్కడ కొద్ది పరిమాణమే కాబట్టి జఠరం ఉన్న చేపలో కొంత తేడా తేగలదు. పేగు తటస్థంగా ఉన్న శీలావతిలో ఆ తేడా ఎంతసేపు నిలుస్తుందన్నది వేరే పరీక్ష.

రొయ్యకు ఈ లెక్కలేవీ నేరుగా అతకవు. అది చేప కాదు, దాని పెప్టైడ్లూ వేరు. వెనామీలో 1997లో దొరికిన పెనీడిన్‌కు ముందు సగంలో ప్రోలిన్ ఎక్కువ, వెనక సగం మూడు సిస్టీన్ ముడులతో బిగిసి ఉంటుంది. పిసిడిన్‌లా మెలి తిరిగి పొరలో దిగే రూపం కాదది. ఆమ్లంలో అది ఏమవుతుందో తెలియాలంటే దాని పూసల్ని దానికే లెక్కపెట్టి, వెనామీ పేగు పీహెచ్ దగ్గరే పరీక్ష పెట్టాలి.